మ్యాపుగారి వెనక సీటు

మావారి మోటార్‌సైకిలు మా ఇంట్లో మనుషులందరికంటే శుభ్రంగా ఉంటుంది. ఆదివారం వచ్చిందంటే దానికి స్నానం. మెత్తటి గుడ్డతో ఒళ్ళు తుడవడం, పాత టూత్‌బ్రష్షుతో చక్రాల చువ్వలు తోమడం, ఆపైన నాలుగడుగులు వెనక్కి వేసి, తల పక్కకి వాల్చి మురిపెంగా చూసుకోవడం. పెళ్ళయిన కొత్తలో నన్ను కూడా అంత తల వాల్చి చూసిన గుర్తు లేదు.

అది కొండలెక్కడానికే పుట్టిన బండి అట. అమ్మినవాళ్ళు అలాగే చెప్పారు, కొన్నాయన అలాగే నమ్మారు. పాపం, బండికే ఆ సంగతి తెలీదు. ఆఫీసుకి తీసుకెళితే దుమ్ము పడుతుందని మావారు కంపెనీ వ్యానులో వెళతారు. కాబట్టి అది ఆదివారం స్నానం చేసి, పెట్రోలు బంకు దాకా షికారు వెళ్ళి, తిరిగొచ్చి మళ్ళీ ముసుగు తన్ని పడుకుంటుంది. అది ఎక్కే ఎత్తల్లా బంకు ముందున్న స్పీడ్‌బ్రేకరు.

ఇలాంటి బండ్లున్నవాళ్ళంతా కలిసి మా ఊళ్ళో ఒక దళం పెట్టుకున్నారు. పేరు గాలిగుర్రాల దళం. దళానికి పెద్ద మా పళ్ళ డాక్టరు. ఏటా ఎండలు తగ్గగానే వీళ్ళంతా కొండ కనుమ మీదకి వెళతారు. మలుపు మీద మలుపు, మలుపు మీద మబ్బు, అంతా కలిసి అదొక స్వర్గమని చెబుతారు. దళంలో మావారిని 'మ్యాపుగారు' అంటారు. ఏ మలుపు తర్వాత ఏ మలుపు, రోడ్డు మీద నీళ్ళు పారేది ఎక్కడ, టీ దొరికేది ఎక్కడ, అన్నీ ఆయన నాలిక మీదే ఉంటాయి. అందరూ ఆయన్ని అడిగి బయల్దేరతారు. ఆయన మాత్రం బయల్దేరరు.

ఎందుకో నాకు తెలుసు. మావారు పనిచేసేది లిఫ్టుల కంపెనీలో, కూర్చునేది గ్రౌండ్ ఫ్లోరులో. మా ఇల్లూ గ్రౌండ్ ఫ్లోరే. "మొక్కలు పెంచుకోవచ్చోయ్" అని తీసుకున్నారు. ఇంట్లో ఒక్క మొక్క లేదు. బల్బు పోతే స్టూలెక్కేది నేను. కింద స్టూలు పట్టుకుని కళ్ళు మూసుకునేది ఆయన. మనిషికి ఎత్తంటే భయం. అందులో తప్పేముంది? నాకు బల్లి అంటే భయం. కాకపోతే బల్లిని చూసినప్పుడు "మా ఆయనకి భయమండీ" అని నేను ఊళ్ళో చెప్పుకోను.

ఆయన చెప్పుకున్నారు. ఆ సంగతి నాకు తెలిసింది పళ్ళ డాక్టరు కుర్చీలో, నోట్లో రెండు ఇనుప పుల్లలు, ఒక గొట్టం, బోలెడు దూది ఉన్నప్పుడు.

"మీవారిలాంటి మనిషి దొరకడం మీ అదృష్టం చెల్లెమ్మా" అన్నారు డాక్టరు, పన్ను గీకుతూ.

"ఆఁ?"

"ప్రతి ఏడూ కనుమకి రమ్మంటాం. 'మా ఆవిడని అడిగి చెప్తాను డాక్టరుగారూ' అంటాడు. మర్నాడు మొహం వేలాడేసుకుని వస్తాడు. మీకు కొండలంటే చచ్చేంత భయమటగా? తను బయల్దేరితే గుమ్మంలో కూలబడి ఏడుస్తారటగా? మీ కోసం అంత సరదా చంపుకుంటున్నాడు, పాపం."

"ఆఁ ఆఁ ఆఆఁ!"

"ఇందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదమ్మా. నోరు మూయకండి."

"ఆఆఆఆ!"

"నొప్పిగా ఉందా? ఉండండి, ఇంకో ఇంజెక్షను ఇస్తాను."

నిజం చెప్పబోయినందుకు ఇంజెక్షను పడ్డ మనిషిని ఈ భూమ్మీద నేనొక్కదాన్నే అయ్యుంటాను.

ఆయన మళ్ళీ అందుకున్నారు. "ఈసారి అందరం జంటలుగా వెళుతున్నాం. మీరూ రండి, ఆ భయం కాస్తా వదిలిపోతుంది. వస్తారా?"

గట్టిగా తల ఊపాను. ఇనుప పుల్లలున్నప్పుడు అంత ఊపకూడదని కేకేశారు గానీ, సంగతి అర్థమైంది.

ఇంటికొచ్చినా దవడ స్వాధీనంలోకి రాలేదు. అదీ మంచికే అయింది. మాట పెగిలుంటే పోట్లాడేదాన్ని. పెగలకపోయేసరికి ఆలోచించాను. నేను గుమ్మంలో కూలబడి ఏడ్చానా? నేనా? మా నాన్నది డ్రైవింగు స్కూలు. కాలేజీకి వెళ్ళే రోజుల్లో పొద్దున్నే మైదానంలో కొత్తవాళ్ళకి మోటార్‌సైకిలు మీద 'ఎనిమిది' తిప్పి చూపించింది నేనే. బండి పక్కకి ఎందుకు వాలాలో, వాలితే ఎందుకు పడదో డిగ్రీలో భౌతికశాస్త్రం కూడా చదివాను. అలాంటి నా పేరు మీద దళం మొత్తానికీ ఇన్నేళ్ళ ఏడుపు పంచిపెట్టారు ఈయన. నాకింక కావలసింది ఒక్కటే. భయం ఎవరిదో ఈయన నోటితో ఈయనే ఆ దళం ముందు చెప్పాలి.

సాయంత్రం మావారు వంటింటి గుమ్మంలో నిలబడ్డారు. డాక్టరు ఫోను చేసినట్టు మొహం చూస్తేనే తెలుస్తోంది.

"నువ్వు... కొండకి వస్తానన్నావటగా?"

"అన్నాను."

"దేనికి?"

"చూడ్డానికి."

"కొండని కింది నుంచి కూడా చూడొచ్చు కదా. ఇంకా పెద్దగా కనిపిస్తుంది."

ఆయన కాసేపు గోడ గీకి, హఠాత్తుగా తేరుకున్నారు. కొత్త ఎత్తు తట్టినప్పుడు మావారి చెవులు ఎర్రబడతాయి. ఇప్పుడు అవి టమాటాల్లా ఉన్నాయి.

"రావచ్చు. ఎవరొద్దన్నారు? కానీ వెనక సీటంటే ఊరికే కూర్చోవడం అనుకున్నావేమో. దానికి శిక్షణ కావాలి. కఠోర శిక్షణ. తట్టుకోలేకపోతే అప్పుడే చెప్పేయాలి, మొహమాటపడకూడదు."

అదన్నమాట. నాతోనే వద్దనిపించాలి. ఆ వద్దు పట్టుకెళ్ళి దళం ముందు పెట్టాలి.

"సరే గురువుగారూ" అన్నాను.

హాల్లో సోఫా చెయ్యి మోటార్‌సైకిలు అయింది. ముందు ఆయన, వెనక నేను.

"మలుపులో నేను ఎటు వాలితే నువ్వూ అటే వాలాలి. భయపడి రెండో పక్కకి వాలావనుకో..." అని చేత్తో గాల్లో ఏదో ఎగరేసి చూపించారు.

"పక్షా?"

"మనం. సరే, ఎడమ మలుపు! ముందే రెండో గేరు! చూపు మలుపు చివర! ఇప్పుడు వాలు!"

వాలాం.

"కుడి మలుపు! లోయ వైపు చూడకూడదు! వాలు!"

వాలాం. ఆ వాలడంలో ఉండగా మా అత్తయ్య టీ కప్పుతో హాల్లోకొచ్చింది. కాసేపు నిలబడి చూసింది.

"ఒరేయ్, ఎక్కడికి ప్రయాణం?"

"ప్రయాణం కాదమ్మా, శిక్షణ."

"మరి వీధిలో అంత బండి పెట్టుకుని సోఫా మీదెందుకురా?"

"దానికి దుమ్ము పడుతుందమ్మా."

"అదీ నిజమే. సరే, కొండ వస్తే చెప్పు. ఈలోపు టీ తాగుతూ ఉంటాను" అని ఎదురుగా కుర్చీ వేసుకుంది.

మర్నాటి నుంచి హెల్మెట్. "కొండ మీద గంటల తరబడి పెట్టుకోవాలి. నీకు ఊపిరాడదు. అలవాటు చేసుకో" అన్నారు మావారు, నేను కాసేపట్లో విసిరికొడతానన్న ఆశతో. పెట్టుకుని వంట చేశాను. అద్దం దించుకుని ఉల్లిపాయలు తరిగితే కళ్ళు మండవని మానవజాతికి మొదటిసారిగా తెలిసింది ఆ రోజే. అత్తయ్య కూడా ఓసారి పెట్టి చూసుకుని, "ఇన్నాళ్ళూ ఎవరూ చెప్పలేదే!" అని వాపోయింది. నేను ఏడవాలని తెచ్చిన హెల్మెట్‌తో ఉల్లిపాయల ఏడుపు కూడా పోయింది.

ఆ తర్వాత మాటలతో బెదిరించడం.

"ఒక పక్క కొండ. ఒక పక్క లోయ. ఎంత లోతో తెలుసా?"

"మధ్యలో ఏముంటుంది?"

"రోడ్డు."

"అయితే దాని మీద వెళ్దాం."

ఆ తర్వాత మంచుగాలి. టేబుల్ ఫ్యాను మొహానికి పెట్టి చన్నీళ్ళు చిలకరించారు. నాకు హెల్మెట్ ఉంది. ఆయనకి లేదు. వారం పాటు తుమ్ముతూనే పాఠం చెప్పారు.

చివరికి అన్నిటికంటే గడ్డు మలుపు. జడపిన్నులా వంగి వెనక్కి తిరిగేది. "వాలు! ఇంకా వాలు! ఇంకా!" అని మావారు తల కార్పెట్టుకి తగిలేంత వాలారు. సోఫా చెయ్యి పుటుక్కుమంది. మా మొదటి ప్రమాదం నేలకి జానెడు ఎత్తున జరిగింది. నేను సోఫా పరుపు మీద పడ్డాను. ఆయన అత్తయ్య టీలో పడ్డారు.

"కొండ వచ్చిందట్రా?" అంది అత్తయ్య.

ఈ పాఠాలన్నీ మావారు ఎందుకు చెప్పినా, ఎంత బాగా చెప్పారో నేను ఒప్పుకోవాలి. గేరు ఎక్కడ మార్చాలి, చూపు ఎక్కడ పెట్టాలి, దిగేటప్పుడు బ్రేకు కంటే ఇంజనుని ఎలా వాడుకోవాలి... మా నాన్న కూడా ఇంత వివరంగా చెప్పలేదు. అన్నీ చదివి, విని, కలలు కని పోగేసుకున్నవి. వాడుకోవడానికి ధైర్యం ఒక్కటే తక్కువ. అంత పాఠం వృథా పోవడం నాకు నచ్చలేదు. మధ్యాహ్నం ఆయన ఆఫీసులో ఉండగా తాళం తీశాను. బండి ముసుగు తొలగిస్తుంటే వెనక నుంచి గొంతు.

"ఎక్కడికమ్మాయ్?"

"బండిని కాస్త ఎండలో పెడదామని అత్తయ్యా."

"హెల్మెట్ పెట్టుకునా?"

దొరికిపోయాను. అత్తయ్య నన్నూ బండినీ మార్చిమార్చి చూసింది. లోపలికెళ్ళింది. మావారి హెల్మెట్ పెట్టుకుని బయటికొచ్చింది.

"వెనక బరువు లేకుండా ఏం నేర్చుకుంటావు? పద. వాలడం నాకూ వచ్చు. రోజూ చూస్తున్నానుగా."

ఊరి చివర నీళ్ళ ట్యాంకు దిబ్బ ఉంది. దాని చుట్టూ తిరిగి తిరిగి ఎక్కే రోడ్డు. మొదటి రోజు బండి నన్ను నడిపింది. నాలుగు రోజులు పోయాక నేను బండిని నడిపాను. ఆ తర్వాత మేమిద్దరం మాట్లాడుకోవడం మొదలుపెట్టాం. అత్తయ్య వెనక నుంచి "చూపు మలుపు చివర!" అని కొడుకు గొంతుతో అరుస్తూ, వాలవలసిన చోట వాలవలసినంత వాలేది. ట్యాంకు దగ్గర నీళ్ళు వదిలే ఆపరేటరు మమ్మల్ని చూసి మొదట్లో లేచి నిలబడేవాడు. తర్వాత చప్పట్లు కొట్టేవాడు.

ఆదివారం స్నానం వేళ మావారు కేకేశారు. "ఈ మట్టి ఎక్కడిది?"

"గాలికి" అంది అత్తయ్య.

"పెట్రోలు కూడా తగ్గింది!"

"ఎండకి ఆవిరవుతుందిరా."

మావారు హడలిపోయి బండిని మెకానిక్కు దగ్గరకి తీసుకెళ్ళారు. పెట్రోలు కారుతున్న చోటు దొరక్క, దేనికైనా మంచిదని అతను బాగున్న గొట్టం తీసి కొత్తది వేశాడు. ఆ తర్వాత కూడా ఎండ తన పని మానలేదు.

బయల్దేరే రోజు వచ్చింది. కొండ మొదట్లో దళమంతా ఆగింది. డాక్టరు దంపతులు, బేకరీ ఆయనా వాళ్ళావిడా, డ్రాయింగు మాస్టారూ ఆయన భార్యా. తలెత్తి చూస్తే రోడ్డు కొండకి చుట్టిన తాడులా పైపైకి పోయి మబ్బులో మాయమవుతోంది. అందరూ దూసుకుపోయారు. మావారు మాత్రం చేతి తొడుగులు తొడుక్కున్నారు, విప్పారు, మళ్ళీ తొడుక్కున్నారు.

"ఏమోయ్, ఇప్పటికీ మించిపోయింది లేదు. భయమేస్తే చెప్పు. నేనేమీ అనుకోను. వెనక్కి వెళ్ళిపోదాం."

"మీరు అనుకోరు సరే, నేను అనుకుంటాను. పదండి."

బండి కదలడం అయితే కదిలింది గానీ, ఆ వేగానికి పక్కన మేకల మంద మాతో సమానంగా వచ్చింది. కాసేపటికి విసుగొచ్చి అవి ముందుకెళ్ళిపోయాయి. మొదటి పెద్ద మలుపు దగ్గర లోయ నోరు తెరుచుకుంది. మావారి వీపు కర్రలా బిగుసుకుపోయింది. బండి అటూ ఇటూ ఊగింది. ఆ క్షణంలో నా పంతం కొంచెం పక్కకి జరిగింది. ఇంత భయాన్ని కడుపులో పెట్టుకుని కూడా మనిషి బండి ఆపలేదు, చూశారా.

వంగి చెవి దగ్గర చెప్పాను. "ఎడమ మలుపు. ముందే రెండో గేరు. చూపు మలుపు చివర. ఇప్పుడు వాలండి."

వాలారు. వాలాం. మలుపు దాటింది.

"కుడి మలుపు. లోయ వైపు చూడకూడదు."

"చూడట్లేదు" అన్నారు, చిన్నపిల్లాడిలా. తర్వాతి మలుపు వచ్చేలోపు తనే అన్నారు. "ఆపకు. మాట్లాడుతూ ఉండు."

అలా సోఫా పాఠం మొత్తం ఆయనకే అప్పజెబుతూ పైకి వచ్చాం. రోడ్డు మీద నీళ్ళు పారే చోట కూడా కాలు కింద పెట్టలేదు. కనుమ శిఖరం మీద బండి ఆపి హెల్మెట్ తీసేసరికి మబ్బు ఒకటి మా మధ్య నుంచి వెళ్ళిపోతోంది. నాకు నిజంగానే గర్వంగా అనిపించింది. ఆయన్ని చూసి. ఒక్క మంచి మాట చెబుదామని నోరు తెరిచాను.

ఆయన నాకంటే ముందు తెరిచారు.

దళమంతా చుట్టూ చేరి భుజం తట్టేసరికి మ్యాపుగారికి కాళ్ళల్లో వణుకు పోయి గొంతులో బలం వచ్చింది. "అబ్బే, నాదేముంది! మా ఆవిడే పాపం దారంతా వణికిపోయింది. 'మాట్లాడుతూ ఉండండి' అని ఒకటే గోల. నేనే మలుపు మలుపుకీ ధైర్యం చెప్పి తీసుకొచ్చాను."

అందరూ నా వైపు జాలిగా చూశారు. డాక్టరు దగ్గరకొచ్చి, "ఏం చెల్లెమ్మా, బాగా భయపడ్డారా?" అన్నారు.

ఈసారి నా నోట్లో ఇనుప పుల్లల్లేవు, గొట్టం లేదు, దూది లేదు. మావారికి కూడా ఆ సంగతి అప్పుడే తట్టినట్టుంది. గబగబా అడ్డం వచ్చారు. "భయం ఉండేది డాక్టరుగారూ, ఇప్పుడు లేదు! నేనిచ్చిన శిక్షణ అలాంటిది మరి. ఇప్పుడు బండి చేతికిస్తే తనే దింపేయగలదు!"

"అయితే ఇవ్వండి" అని చెయ్యి చాపాను.

మావారి చెయ్యి జేబులోని తాళం మీదకి పోయింది.

"ఏమిటి?"

"తాళం. మీ శిక్షణ మీద నాకు నమ్మకం ఉంది. మీకు లేదా?"

"మ్యాపుగారూ, మాట అన్నాక వెనక్కి పోకూడదు!" అని బేకరీ ఆయన. "మా గురువుగారి శిష్యురాలిని చూడాలి!" అని డ్రాయింగు మాస్టారి భార్య. మావారు తాళం నా చేతిలో పెట్టిన తీరు చూస్తే కిడ్నీ ఇస్తున్నట్టుంది.

దిగడం మొదలుపెట్టాం. వెనక నుంచి రెండు చేతులు నా నడుముని ఉడుంపట్టు పట్టాయి. మావారు పాఠం మర్చిపోలేదు. కాకపోతే కళ్ళు మూసుకుని చెబుతున్నారు.

"ఎడమ... ఎడమ మలుపు..."

"ఇది కుడి మలుపండీ. కళ్ళు తెరవండి."

"తెరవను."

"రెండో గేరులో ఉన్నాను. ఇంజనే బండిని పట్టుకుంది. బ్రేకు మీద వేలు కూడా లేదు. మీరు చెప్పినట్టే."

రెండు మలుపులు అలాగే దాటాం. మూడో మలుపు దగ్గర ఉడుంపట్టు కాస్త సడలింది.

"ఏమోయ్... అది ఏమిటి, ఆ మెరుస్తున్నది?"

"నది."

"మ్యాపులో నీలం గీత కదా అది!" మెడ చాచి చూసి, "ఇంత బావుంటుందని ఎవరూ చెప్పలేదే" అన్నారు. ఎక్కేటప్పుడు ఆయన చూసింది రోడ్డు మీది తెల్లగీత ఒక్కటే. ఆ తర్వాత ఇంక ఆపలేకపోయాను. అదిగో వంతెన, అదిగో మన మేకలు, అరె మబ్బు మన కింద ఉందేమిటోయ్, అని దారంతా ఆయనే మాట్లాడారు. వాలవలసిన ప్రతిచోటా చక్కగా వాలారు. వెనక సీటుకి పుట్టిన మనిషి.

కొండ కింద అందరికంటే ముందు దిగింది మేమే. డాక్టరు హెల్మెట్ తీసి, నా వైపు నోరు తెరుచుకుని చూశారు. ఆ నోట్లో పన్ను ఒకటి పుచ్చి ఉందని అప్పుడే గమనించాను.

"చెల్లెమ్మా, మీకు భయమన్నారు కదా!"

నేను మావారి వైపు చూశాను. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. కొత్త ఎత్తు ఏదో వేస్తారనుకున్నాను. వేయలేదు. గొంతు సవరించుకున్నారు.

"ఆవిడకి భయం లేదు డాక్టరుగారూ. ఎప్పుడూ లేదు. భయం నాది. గుమ్మంలో కూలబడేది కూడా నేనే." ఆపైన ఛాతీ విరుచుకుని, "చూశారా, మూడో మలుపులో ఎలా తిప్పిందో! మా ఆవిడ!" అన్నారు. ఆ తర్వాత దళంలో ప్రతి ఒక్కరినీ విడివిడిగా పట్టుకుని మూడో మలుపు చెప్పారు. అందరూ చూసినవాళ్ళే. అయినా చెప్పారు.

ఇంటికొచ్చేసరికి అత్తయ్య ఆ విరిగిన సోఫాలోనే కూర్చునుంది.

"అమ్మా, కోడలు కొండ మీంచి బండి దింపింది! తెలుసా?"

"ట్యాంకు దిబ్బ మీంచి నన్ను రోజూ దింపింది. నిన్ను దింపదా?"

మావారు అత్తయ్యనీ, నన్నూ, వాకిట్లో బండినీ చూశారు. అప్పుడు మట్టి అర్థమైంది. పెట్రోలు అర్థమైంది. ఎండ మీద ఇన్నాళ్ళూ మోపిన నింద కూడా అర్థమైంది. వెళ్ళి గుడ్డ తెచ్చుకుని బండి తుడవడం మొదలుపెట్టారు. అది ఆదివారం కూడా కాదు.

మొన్న ఫోను మోగింది. నేను వంటింట్లో ఉల్లిపాయలు తరుగుతున్నాను. డాక్టరు గొంతు ఇక్కడికి వినిపిస్తోంది. ఈసారి ఇంకా పై కనుమట, మంచు కూడా ఉంటుందట, మ్యాపుగారు వస్తున్నారా అని.

"మా ఆవిడని అడిగి చెప్తాను డాక్టరుగారూ" అన్నారు మావారు.

ఇన్నేళ్ళుగా చెబుతున్న మాటే. నిజం కావడం మాత్రం ఇదే మొదలు.

ఫోను చేత్తో మూసి వంటింటి గుమ్మంలో నిలబడ్డారు. నేను కత్తి పక్కన పెట్టి, హెల్మెట్ అద్దం పైకెత్తాను.

"ఊఁ, అడగండి."